కింగ్‌కోఠి తాళంచెవులు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ మహల్ అని ఒక దర్బారు ఉంది. మధ్యలో పాలరాతి గద్దె, పైన బెల్జియం గాజు షాండ్లియర్లు 19. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిన వాళ్లం అందరం అక్కడ తలెత్తి నిలబడిపోతాం. 1967 ఏప్రిల్ 6న ఆ ప్యాలెస్‌లోనే ముప్పైమూడేళ్ల ముకర్రమ్ జా ఎనిమిదో నిజాంగా పట్టం కట్టుకున్నాడు. రాజ్యం పోయి అప్పటికి పంతొమ్మిదేళ్లు. అయినా నజరానాలు వచ్చాయి, సలాములు వచ్చాయి, ఎదురు నిలబడి చూడటానికి ఊరూ వచ్చింది.

2023 జనవరి 17న ఆయన మళ్లీ ఆ ప్యాలెస్‌కి వచ్చాడు, శవపేటికలో. ఇస్తాంబుల్ నుంచి విమానంలో తెచ్చారు. వరుసల్లో నిలబడి కడసారి చూసుకున్న వాళ్లలో చాలామంది ఆయన్ని బతికుండగా ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఈ రెండు రోజుల మధ్య యాభై ఆరేళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఒక ఆస్తి కరిగిపోయింది. ఎవరూ దండెత్తి రాలేదు. దొంగలు పడలేదు. కాగితాల మధ్య, కోర్టుల మధ్య, అన్నదమ్ముల మధ్య, చెప్పని మాటల మధ్య కరిగిపోయింది.

నిజాం పాలన మీద నాకు మమకారం లేదు. ఆ పాలన కింద తెలంగాణ పల్లెలు ఏం అనుభవించాయో మా తాతల నోట విన్నాను, చరిత్ర పుస్తకాల్లో చదివాను. ఇక్కడ నేను తలుచుకుంటున్నది రాజును కాదు. తన తర్వాత తనవాళ్లు ఏమైపోతారోనని రాత్రింబవళ్లు బెంగపడి, పత్రం మీద పత్రం రాయించిన ఒక ముసలాయనను. ఆ బెంగ అందరిదీ. ఎకరం చెలక ఉన్నవాడిదీ, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉన్నవాడిదీ.

ఆ ముసలాయన ముకర్రమ్ జా తాత, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1911 ఆగస్టులో గద్దెనెక్కాడు. తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఉన్నట్టుండి పోయాడు. ఆ తండ్రి కొన్న జాకబ్ వజ్రం కథ ఊరంతా ఎరిగినదే. అలెగ్జాండర్ జాకబ్ అనే వర్తకుడు తెచ్చాడు, బేరం చెడింది, కలకత్తా కోర్టుదాకా వెళ్లింది. చివరికి వజ్రం నిజాం చేతికి వచ్చింది గానీ ఆ రచ్చతో దాని మీద ఆయన మనసు విరిగిపోయింది. అపశకునమనుకున్నాడు. గుడ్డలో చుట్టి ఒక పాత జోడు ముక్కులో కుక్కి మరిచాడు. 184.75 క్యారెట్ల రాయి! తండ్రి పోయాక కొడుక్కి అది ఆ జోడులో దొరికింది. కొడుకు దాన్ని తెచ్చి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడు.

ఈ కథ చెప్పేవాళ్లు నవ్వుతూ చెబుతారు. నాకు మాత్రం అక్కడే గుండె చివుక్కుమంటుంది. ఒక తండ్రి తన దగ్గరున్న అతి విలువైన వస్తువు ఎక్కడుందో కొడుకుతో ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. ఆ కొడుకు చెప్పులు వెతికి దాన్ని పట్టుకున్నాడు. ఆ ఇంట్లో వారసత్వం చేతులు మారిన తీరు అది. తర్వాత జరిగినదంతా అక్కడి నుంచే మొదలైందని నా నమ్మకం.

ఉస్మాన్ అలీఖాన్ తండ్రిలా చేయి జారనిచ్చే మనిషి కాడు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మ ముఖచిత్రంగా వేసి ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడంది. ఆ ధనవంతుడు మాసిన షేర్వానీ, అరిగిన చెప్పులు వేసుకుని, చార్మినార్ సిగరెట్లు కాల్చుకుంటూ తన నివాసమైన కింగ్‌కోఠి వరండాలో కూర్చునేవాడు. నేలమాళిగలో నోట్ల కట్టలు ఎలుకలు కొట్టేశాయని, తోటలో బంగారం నింపిన లారీలు టైర్లు భూమిలోకి దిగిపోయి నిలబడి ఉండేవని చెప్పుకునేవారు. వీటిలో నిజమెంతో, పెరిగినదెంతో ఎవరికెరుక. 1965లో దేశరక్షణకు 5,000 కిలోల బంగారం దానమిచ్చాడని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంది. ఇచ్చింది 425 కిలోలు, అదీ దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీకి బంగారు బాండ్లలో పెట్టిన పెట్టుబడి. దాచుకోవడం, లెక్క రాసుకోవడం ఆయన స్వభావం. దానాన్ని కూడా లెక్కగానే చూసిన మనిషి. అందుకే ఆయన మీద ఒక నింద మాత్రం వేయలేం. అజాగ్రత్త ఆయన ఒంట్లో లేదు.

కింగ్‌కోఠి పేరే ఒక విచిత్రం. ఆ భవనం కట్టించింది కమాల్ ఖాన్ అనే ఆసామి అని, తలుపులకీ కిటికీలకీ తన పేరులోని రెండు కె అక్షరాలు చెక్కించుకున్నాడని, నిజాం చేతికి వచ్చాక అవి చెరిపించడం ఎందుకని వాటికి సరిపోయేలా కింగ్‌కోఠి అని పేరు పెట్టారని అంటారు. ఒకరి అక్షరాల కింద మరొకరి కాపురం. ఆ ఇంటి తాళంచెవులు చివరిదాకా ఆయన చేతిలోనే ఉన్నాయి.

1948 సెప్టెంబరు వచ్చింది. భారత సైన్యం 13న హైదరాబాద్ మీదికి కదిలింది, అయిదు రోజుల్లో అంతా ముగిసింది. ఆ గడబిడలో లండన్‌లో ఒక పని జరిగింది. హైదరాబాద్ ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతుల్లా పేరుకి మార్పించాడు. కొద్ది రోజులకే నిజాం, ఇది నా అనుమతితో జరగలేదు, వెనక్కి వేయండి అని రాశాడు. బ్యాంకు ఇద్దరి మాటా వినకుండా డబ్బును అలాగే ఉంచేసింది. నిజాం దావా వేశాడు. పరాయి ప్రభుత్వం మీద దావా చెల్లదని 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. డబ్బు బ్యాంకులో, వడ్డీ బ్యాంకులో, హక్కుదారు కింగ్‌కోఠిలో. ఆ షిల్లింగులతో సహా ఇంకా అరవై ఏళ్లు అది అక్కడే మూలగబోతోందని ఆయనకు తెలియదు.

రాజ్యం పోయింది. 1949 ఫిబ్రవరి ఫర్మానాతో సర్ఫేఖాస్ భూములు, అంటే నిజాం సొంత ఖర్చుకు అట్టేపెట్టుకున్న తాలూకాలు, పోయాయి. ఏటా 50 లక్షల రాజభరణం మిగిలింది. ఆ వయసులో, అంత ఓటమి తర్వాత, ఇంకొకరైతే మంచం పట్టేవారు. ఈయన వకీళ్లను పిలిపించాడు.

ఆయనకు ముందున్న చిక్కు ఇది. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం వసియత్‌నామా రాసి ఇచ్చుకోగలిగింది ఆస్తిలో మూడో వంతు మాత్రమే. అదీ వారసుల్లో ఒకరికి రాస్తే తక్కిన వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆయనకా ముప్పైకి పైగా సంతానం. పెళ్లాడిన బేగములు, అంతఃపురపు స్త్రీలు, వాళ్ల పిల్లలు, ఇంట్లోనే పుట్టి పెరిగిన ఖానాజాదులు, తండ్రి వదిలి వెళ్లిన పరివారం. మరణం తర్వాత ఆస్తిని వాటాల లెక్కకు వదిలేస్తే ముక్కలు ముక్కలవుతుంది. బతికుండగానే ట్రస్టుకు ఇచ్చేస్తే ఆ మూడో వంతు కట్టు ఉండదు. కాబట్టి ట్రస్టులు.

1950 మే 10న కుటుంబ ట్రస్టు పత్రం రాయించాడు. 9 కోట్ల రూపాయల ప్రభుత్వ బాండ్లు అందులో పెట్టాడు. ఆ మొత్తాన్ని 175 సమభాగాలుగా లెక్కగట్టించాడు. 5 భాగాలు ఆపద నిధికి. మూడున్నర భాగాలు ట్రస్టు ఖర్చులకు. మిగిలిన 166న్నర భాగాలు పేరుపేరునా, ఎవరికెన్నో. ఆ మూడున్నర దగ్గర నేను ఆగిపోతాను. సామ్రాజ్యం పోగొట్టుకున్న మనిషి రాత్రిపూట దీపం కింద కూర్చుని అర భాగం ఎటు వెయ్యాలా అని ఆలోచించి ఉంటాడు. మా అమ్మ పండగకి అరిసెలు పంచేటప్పుడు చివర మిగిలిన ఒక్కదాన్ని విరిచి ఇద్దరికీ పెట్టేది, అలా.

తర్వాత 1951, 52ల్లో నగల కోసం రెండు ట్రస్టులు. మతకార్యాలకొకటి, ధర్మకార్యాలకొకటి, ఇలా ఇంకెన్నో. నగల పత్రంలో కట్టుదిట్టం మరీ ఎక్కువ. తాను, తన పెద్దకొడుకు ఆజమ్ జా, ఇద్దరూ పోయేదాకా ఆ నగలు అమ్మడానికి వీల్లేదు. బొంబాయిలో బ్యాంకు ఖజానాలో పెట్టించాడు. కమ్మలు, బాజుబందులు, ముత్యాల సాత్‌లడా హారాలు, తలపాగా కలికితురాయిలు, అన్నీ జాబితాకెక్కాయి. జోడులో దొరికిన వజ్రం కూడా.

ఇంతకన్నా జాగ్రత్తగా ఎవరు రాయిస్తారు? ఆ పత్రాల మీద తర్వాత సుప్రీంకోర్టుదాకా పన్ను కేసులు నడిచాయి. నేటికీ పన్నుల న్యాయం చదివేవాళ్లు నిజాం ట్రస్టు తీర్పులు తిరగేస్తారు. పత్రాల్లో లోటు లేదు. ఆయన రాయించనిది వేరే ఉంది. ఎవరికి ఏం అన్నది రాయించాడు, ఎందుకు అన్నది ఎవరికీ చెప్పలేదు. పుచ్చుకునేవాడిని పిలిచి, నీకు ఇష్టమేనా, మోయగలవా అని అడగలేదు.

సంప్రదాయం ప్రకారం అంతా పెద్దకొడుకు ఆజమ్ జాకి రావాలి. ఆయన ఖర్చులు తండ్రికి గిట్టలేదు. 1954లో కొడుకును దాటేసి, మనవడు ముకర్రమ్ జాను వారసుడిగా ప్రకటించాడు. ఒక్క ప్రకటనతో తండ్రి స్థానంలో కొడుకు. అప్పటినుంచి ఆ తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుని ఉంటారు? నలుగురిలో ఒకడిని ఎంచుకోవడం పెద్దవాళ్ల హక్కే. కానీ వదిలేసిన వాడిని కూర్చోబెట్టి కారణం చెప్పడం కూడా పెద్దవాళ్ల పనే.

ముకర్రమ్ జా 1933లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పుట్టాడు. తల్లి దుర్రుషెహవార్ తుర్కీ చివరి ఖలీఫా కూతురు. పిల్లవాడు డూన్ స్కూల్లో, హారోలో, కేంబ్రిడ్జిలో చదివాడు, శాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ పొందాడు. ఇంజన్లంటే ప్రాణం. బానెట్ ఎత్తి చేతులు నల్లగా చేసుకుంటేగాని ఆయనకు రోజు గడిచినట్టు ఉండేది కాదు. దర్బారు, సలాములు, దస్త్రాలు, ఇవేవీ ఆయన లోకం కాదు. తాత కింగ్‌కోఠిలో తాళంచెవుల గుత్తి పట్టుకుని కూర్చుంటే, మనవడి చేతిలో స్పానరు.

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠిలోనే కన్నుమూశాడు. జనం సముద్రంలా వచ్చారని ఆనాటి వాళ్లు చెబుతారు. మనవడి చేతికి తాళాలు వచ్చాయి. ముకర్రమ్ జా జీవితకథ రాసిన ఆస్ట్రేలియా పాత్రికేయుడు జాన్ జుబ్రిచ్కీ లెక్క ప్రకారం, ఆ రోజు ఆయన నెత్తిన పడిన సిబ్బంది, ఆశ్రితులు 14,718 మంది. చౌమహల్లాలో షాండ్లియర్ల దుమ్ము దులపడానికే 38 మంది, తాగునీళ్లు తేవడానికి 28 మంది. తాత అంతఃపురపు స్త్రీలు, వాళ్ల సంతానం వేరే. వీళ్లలో ఎవరిని తీసేయాలన్నా వాళ్ల తండ్రో తాతో ఆ గుమ్మంలోనే ముసలివాడై పోయిన మనిషి. ఇలాంటి ఇల్లు మోయడానికి కింగ్‌కోఠిలో పుట్టి పెరిగి, ఎవరు ఎవరో తెలిసి ఉండాలి. ఈయన సెలవులకు వచ్చి వెళ్లినవాడు.

ఆపైన పన్నులు. దేశంలో అప్పట్లో, 1953 నుంచి, మరణ పన్ను ఉండేది, ఎస్టేట్ డ్యూటీ అనేవారు. పెద్ద ఆస్తుల్లో పై అంతస్తు మీద అది 85 శాతందాకా వెళ్లింది. 1957 నుంచి సంపద పన్నూ ఉండేది. ఆస్తి అంతా రాళ్లలో, గోడల్లో, నగల్లో ఉంది, పన్ను మాత్రం నగదుగా కట్టాలి. అమ్ముదామంటే పత్రం ఒప్పుకోదు, దాయాదులు ఒప్పుకోరు, కోర్టు స్టే ఇస్తుంది. ధర్మశాస్త్రం ప్రకారం మా వాటా మాకు రావాలని అత్తలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు దావాలు వేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తండ్రి ఆస్తిలో కూతురి భాగం అడగడం దురాశ ఎలా అవుతుంది? 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. బంజారాహిల్స్ కొండల్లో ముకర్రమ్ జాకున్న చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి చాలావరకు చేయిదాటింది. ఇవాళ అది కేబీఆర్ పార్కు. పొద్దున్నే అక్కడ నడకకు వెళ్లేవాళ్లు, నెమళ్లకు చోటిచ్చిన ఆ నేల ఎవరి వారసత్వమో తలుచుకోరు, తలుచుకోవాల్సిన అవసరమూ లేదు.

ఆయన పారిపోయాడనే అనాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో కల్బారి ఊరి దగ్గర మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల క్షేత్రం కొన్నాడు. లక్షల ఎకరాల ఎర్రమట్టి, పొదలు, దుమ్ము. అక్కడ బుల్‌డోజరు నడుపుతూ, చెడిపోయిన ఇంజన్లు విప్పుతూ, డీజిలు మరకల బట్టలతో బతికాడు. జీవితంలో ఆయన సంతోషంగా ఉన్న రోజులు అవేనేమో. ఇక్కడి వ్యవహారాలు నమ్మి అప్పగించిన చేతుల్లో నడిచాయి. అక్కడి నుంచి సంతకాలు వచ్చేవి, ఇక్కడ సామాను వెళ్లేది. యజమాని లేని ఇంట్లో ముందు పోయేవి చిన్న వస్తువులే. వెండి చెంచాలు, బొమ్మలు, పుస్తకాలు, దీపాలు. గోడలు చివరికి పోతాయి. 1990ల నడుమ అప్పులు తరిమితే ఆ ఆస్ట్రేలియానూ వదిలాడు. గొర్రెల క్షేత్రం కూడా పోయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా నాన్న పోయిన పదకొండో రోజు, భోజనాలయ్యాక, అన్నయ్య అటక మీంచి బిస్కట్ల డబ్బా దించాడు. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో తెరిచాం. ఇంటిపన్ను రసీదులు ఏడాదివారీగా, నీలం రబ్బరు బ్యాండు వేసి. ఎల్ఐసీ కాగితాలు. ఎప్పుడో మూసేసిన ఖాతా పాస్‌బుక్కు. చెల్లెలి పదో తరగతి మార్కుల జాబితా జిరాక్సు. అన్నిటికన్నా అడుగున నాలుగు మడతలు పెట్టిన గీతల కాగితం. నాన్న చేతిరాత. ‘పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలం లేకుండా నా ఇష్టపూర్వకంగా రాసుకున్న వీలునామా ఏమనగా’ అని మూడు వరుసలు. ఆ తర్వాత ఖాళీ. తేదీ లేదు, సంతకం లేదు. కలం ఆగిన చోట సిరా చుక్క ఒకటి గుండ్రంగా ఇంకింది.

ఇల్లు తన పేరున ఉంటుందని నాన్న చాలాసార్లు అన్నారని అమ్మ చెప్పింది. పైన గది వేసుకోమని తనతో అన్నారని అన్నయ్య చెప్పాడు. నీకు అన్యాయం చేయనురా తల్లీ అన్నారని చెల్లెలు ఏడ్చింది. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. నాన్న ముగ్గురితోనూ అలాగే అని ఉంటారు, ఒక్కొక్కరితో ఒక్కో సాయంత్రం. వీలునామా లేదు గనుక చట్టప్రకారం అమ్మకీ మా ముగ్గురికీ సమానంగా నాలుగు వాటాలు. బ్యాంకులో డిపాజిట్టుకు నామినీగా ఎప్పుడో అన్నయ్య పేరు వేశారు. నామినీ అంటే సొంతదారు అనుకున్నాడు వాడు. నామినీ డబ్బు చేతికి తీసుకుని హక్కుదారులకు పంచాల్సిన మనిషి మాత్రమేనని, వారసుడు వేరని తెలిసేసరికి మాటలు ముదిరిపోయాయి. ఒక దఫ్తరులో వారసుల ధ్రువపత్రం కోసం తొమ్మిది నెలలు తిరిగాం. మా చెల్లెలు రెండు రాఖీ పండగలకు ఇంటికి రాలేదు. అమ్మ ఆ రెండుసార్లూ సేమ్యా పాయసం చేసి, గిన్నె మీద మూత పెట్టి ఊరికే కూర్చుంది.

మిగిలిన ఏడెనిమిది వరుసలు రాసి ఉంటే చాలు. మామూలు తెల్లకాగితం సరిపోతుంది, స్టాంపు కాగితం అక్కర్లేదు. తన సంతకం, దాన్ని కళ్లారా చూసి చేసిన ఇద్దరు సాక్షుల సంతకాలు, అంతే. సాక్షులు ఆస్తిలో ఏమీ రానివాళ్లయితే మంచిది, వయసులో తనకన్నా చిన్నవాళ్లయితే ఇంకా మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే రేపు ఇది నకిలీ అనే నోళ్లకు కొంత తాళం పడుతుంది. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిది చెల్లుతుంది. ఇవన్నీ నాన్నకు తెలుసు. ఊళ్లో పదిమంది వీలునామాల మీద సాక్షి సంతకం చేసిన మనిషి ఆయన. తన దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఎవరి పేరు ముందు రాస్తే ఎవరు నొచ్చుకుంటారోనని ఆగి ఉంటుంది.

నిజాం అర భాగందాకా రాయించాడు, నాన్న మూడు వరుసల దగ్గర ఆగారు. రెండిళ్లలోనూ మిగిలినవాళ్లు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాం. ఆయన మనసులో ఏముంది?

ఆజమ్ జా 1970లో పోయాడు. నగలు అమ్ముకోవడానికి పత్రంలో ఉన్న అడ్డు తొలగింది. కానీ 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం అలాంటి వస్తువులు దేశం దాటకూడదు. బయటి వేలం సంస్థల అంచనాలు ఎంత పెద్దవైనా లోపల చివరికి కొన్నది ప్రభుత్వమే. పాతికేళ్లు బేరాలు, వ్యాజ్యాలు నడిచాయి. 1995లో 173 నగలు భారత ప్రభుత్వానికి వెళ్లాయి, 218 కోట్ల రూపాయలకు. ఆ నగలు దేశంలో మిగలడం నాకు సంతోషమే. 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని చూడటానికి హైదరాబాద్ జనం బారులు తీరారు. కానీ ఆ పాతికేళ్లలో ఆ ఇంట్లో పెళ్లిళ్లయ్యాయి, జబ్బులు వచ్చాయి, ముసలివాళ్లు పోయారు. వాళ్ల కోసమని తాత దాచిన నగలు వాళ్ల అవసరానికి ఖజానాలోంచి బయటికి రాలేదు. కుటుంబ ట్రస్టు భాగాలూ అంతే. 1950లో ఒక మనిషికి రాసిన భాగం రెండో తరంలో ఆరుగురికి, మూడో తరంలో ముప్పైమందికి చీలుతుంది. బాండ్ల మీద వడ్డీ మాత్రం సంతానంతో పాటు పెరగదు.

ఒక్క వెలుగు ఉంది ఈ కథలో. ముకర్రమ్ జా మొదటి భార్య ఎస్రా, 1974లో విడిపోయిన ఆమె, ఏళ్ల తర్వాత ఆయన కోరగా తిరిగి వచ్చింది. కూలిపోతున్న చౌమహల్లాను గది గదిగా బాగు చేయించి, 2005లో ప్రజలకు తెరిపించింది. 2010లో దానికి యునెస్కో పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఫలక్‌నుమా ప్యాలెస్ తాజ్ సంస్థకు లీజు మీద హోటలుగా తెరుచుకుంది. మనసున్న ఒక మనిషికి, నీ చేతుల మీదుగా చెయ్యి అని ఒక్క మాట ఇస్తే జరిగిన పని అది. ఆ మాట ముప్పై ఏళ్ల ముందు ఎవరికైనా ఇచ్చి ఉంటేనా!

లండన్ డబ్బు చివరికి కదిలింది. 2013లో పాకిస్తాన్ తానే దావాకు దిగి, తన రక్షణ కవచాన్ని తానే వదులుకుంది. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు చెప్పాడు. ఆ డబ్బు ఏడో నిజాందేనని, ఆయన తరఫున హక్కు పొందిన భారత ప్రభుత్వానికీ, మనవలిద్దరు ముకర్రమ్ జా, ముఫఖమ్ జాలకూ చెందుతుందని తేల్చాడు. పది లక్షల పౌండ్లు మూడున్నర కోట్లయి ఉన్నాయి. 71 ఏళ్లు పట్టింది. 1948లో అసలు ఎవరేమన్నారు, ఎవరేం రాశారు, నిజాం ఉద్దేశం ఏమిటి అని, సముద్రాల అవతల ఒక పరాయి న్యాయమూర్తి పాత ఉత్తరాలు తిరగేసి చెప్పాల్సి వచ్చింది. తీర్పు రాగానే మిగిలిన మనవలు, మునిమనవలు వందకు పైగా లేచి మా వాటా సంగతేమిటన్నారు. ఆ తర్వాతి ఏడాది అదే కోర్టులో వాళ్ల వాదన వీగిపోయింది. ఆ మునిమనవల్లో ఎక్కువమంది పుట్టనే లేదు, ఆ డబ్బు బ్యాంకు మారినప్పుడు.

తీర్పు వచ్చేనాటికి ముకర్రమ్ జాకు ఎనభై అయిదేళ్లు. ఆస్ట్రేలియా వదిలాక తుర్కీలో, తల్లి పుట్టిన దేశంలో, అంతాల్యా ఊళ్లో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాడని ఆయన్ని చూసివచ్చిన జుబ్రిచ్కీ రాశాడు. 14,718 మందిని వారసత్వంగా పొందిన మనిషికి రెండు గదులు. ఆ గదుల్లో ఆయన తాతను తిట్టుకున్నాడో, తలుచుకున్నాడో తెలియదు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో తుదిశ్వాస విడిచాడు. హైదరాబాద్‌లో మట్టి కావాలన్నది ఆయన కోరిక. తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలు ఇచ్చింది. జనవరి 18 సాయంత్రం చార్మినార్ పక్కన మక్కా మసీదు ఆవరణలో, అసఫ్‌జాహీ నిజాంల సమాధుల వరుసలో ఖననం చేశారు.

ఆ వరుసలో తాత లేడు. పసితనంలోనే పోయిన తన కొడుకు జ్ఞాపకంగా కింగ్‌కోఠి ఎదురుగా కట్టించిన జూదీ మసీదులో, తల్లి పక్కన తనను పూడ్చమని ఉస్మాన్ అలీఖాన్ బతికుండగానే అందరికీ తెలిసేలా చెప్పి ఉంచాడు. ఆ ఒక్క కోరిక మీద ఎవరూ దావా వేయలేదు. 1967 ఫిబ్రవరిలో, చెప్పిన చోటే, చెప్పినట్టే పూడ్చారు.